వొర్రేయ్ అంటే మర్యాద

పొద్దున్న ఏడు కావస్తోంది. ఫిబ్రవరి చలి. రోమ్‌లో తెర్మిని స్టేషన్, అందులో ఒక బార్, ఆ బార్ ముందు వరసలో మీరు మూడోవారు. బార్ అంటే కంగారుపడకండి, ఈ దేశంలో బార్ అంటే కాఫీ కొట్టు. లోపల మాడీ మాడని కాఫీ గింజల వాసన. రాతి బల్ల మీద సాసర్లను పేకముక్కల్లా పంచేస్తున్న చప్పుడు. మీ చేతిలో ఐదు యూరోల నోటు, నోట్లో ఒకే ఒక్క వాక్యం. రాత్రంతా విమానంలో దాన్నే నెమరేశారు. ముందు ఇద్దరున్నారు. ఒక్కరే ఉన్నారు. ఎవరూ లేరు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కళ్లద్దాలావిడ తలెత్తింది. “ప్రేగో.”

“బువోన్‌జోర్నో,” అన్నారు. తర్వాత గుండె చిక్కబట్టుకుని, “వొర్రేయ్...”

అనేశాక మీకే నవ్వొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ముక్కూ మొహం తెలియని మనిషిని, అదీ పొద్దున్నే, ఒరేయ్ అన్నారు. ఆవిడ మొహంలో మాత్రం కోపం లేదు. మిగతా మాట కోసం చూస్తోంది. ఎందుకంటే ఇక్కడ వొర్రేయ్ అంటే “దయచేసి నాకు ఫలానాది కావాలండీ” అని. “వోల్యో” అన్నా కావాలనే అర్థం, కాకపోతే అది బొమ్మ కోసం చంటిపిల్లాడు కాళ్లు నేలకేసి కొట్టే కావాలి. పెద్దమనుషులు వొర్రేయ్ అంటారు.

“వొర్రేయ్ ఉన్ కఫ్ఫే, పెర్ ఫవోరే.”

టిక్కుమని మీట పడింది. చిల్లరతో పాటు అరచేతిలో ఒక చీటీ. దాని పేరు స్కొంత్రీనో. డబ్బు ఇక్కడ, కాఫీ అక్కడ, మధ్యలో ఈ చీటీ. దాన్ని పట్టుకుని బాంకో అనే ఆ రాతి బల్ల దగ్గరికి నడుస్తున్నారు. మీ జీవితంలో మొదటి ఇటాలియన్ వాక్యం ఎక్కడా విరగకుండా అవతలి గట్టుకి చేరింది.

ఇదంతా మూడు నెలల కిందట రాజమండ్రిలో మొదలైంది. మీ మేనకోడలు అప్పటికి రెండేళ్లుగా ఇటలీలో చదువుతోంది. “అత్తా, నువ్వొస్తే నేను రోమ్ దాకా రాలేను, ఆ రోజు పరీక్ష ఉంది. ఒక్కదానివే ఒక పగలంతా గడిపి సాయంత్రం రైలెక్కి రావాలి,” అంది. రోజుకొక వాయిస్ మెసేజ్ పెట్టేది. మీరు లాంగ్ నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవారు. మొదటి పాఠం దాని ఊరి పేరు. “మనవాళ్లు పేపర్లో రాసే బొలోగ్నా కాదత్తా. బొలోఞా. నీకు ఞ వచ్చుగా?”

రాకేం. అయిదో ఏట పలక మీద దిద్దారు. చ ఛ జ ఝ ఞ. దిద్దాక యాభై మూడేళ్ల పాటు ఆ అక్షరంతో విడిగా మీకు పని పడలేదు. బొమ్మల వాచకాల్లో కూడా ఞ దగ్గర బొమ్మ ఉండదు. పాపం, ఆ అక్షరానికి ఉద్యోగం ఇటలీలో దొరికింది. సిఞోరా అంటే అమ్మగారు. ఞొక్కి అంటే ఆలుగడ్డ ముద్దలతో చేసే వంటకం. బాఞో అంటే మీకు అన్నిటికన్నా ముందు కావలసిన మాట, మరుగుదొడ్డి.

రెండో పాఠం ఒత్తులు. కాసా అంటే ఇల్లు, కస్సా అంటే ఇందాకటి గల్లాపెట్టె. సేతే అంటే దాహం, సెత్తే అంటే ఏడు. నోనో తొమ్మిదోవాడు, నొన్నో తాతయ్య. అన్నో అంటే ఏడాది, అందులో ఒక న జారిపోతే డాక్టరు దగ్గర తప్ప ఎత్తకూడని శరీరభాగం. వయసు చెప్పేటప్పుడు బహు జాగ్రత్త. “ఇంగ్లీషువాళ్లు ఈ ఒత్తుల దగ్గర ఏళ్ల తరబడి కొట్టుకుంటారత్తా,” అంది మేనకోడలు. మీకు ఆశ్చర్యం వేసింది. కలకీ కల్లకీ, గుడికీ గుడ్డికీ తేడా తెలిసిన నాలుకకి ఇదొక కష్టమా? త, ద కూడా మనవే, పళ్లకి ఆనించి పలకాలి, ట, డ అనకూడదు. ఇక మాటల చివర అచ్చులు సరేసరి. మన భాషని ప్రాచ్యదేశపు ఇటాలియన్ అన్నారని బళ్లో మాస్టారు గర్వంగా చెప్పేవారు. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనీసు వర్తకుడు నికొలో కాంతి పేరు మీద ఆ మాట చెలామణీ అవుతోంది. ఆ బిరుదు మనం మోస్తున్నాం గానీ, తిరిగి వెళ్లి నాలుగు ముక్కలు ఇటాలియన్ నేర్చుకున్నవాళ్లం ఎంతమందిమి?

కాఫీ వచ్చింది. రెండు గుక్కలకి సరిపడా నల్లటి ద్రావకం. ఇక్కడ కఫ్ఫే అంటే ఇదే. పాలు కావాలని “లత్తే” అంటే నిజంగానే గ్లాసుడు పాలు పోసి ఇస్తారు, అందులో కాఫీ చుక్క ఉండదు. పాలూ కాఫీ కలిపి కావాలంటే కప్పుచీనో, అదీ పొద్దుటి పూటే. భోజనం అయ్యాక కప్పుచీనో అడిగితే ఇస్తారు, కాకపోతే పెరుగన్నం తిన్నాక పాయసం అడిగినవాళ్లని చూసినట్టు చూస్తారు. పక్కన నిలబడ్డ కుర్రాడు మూడు సెకన్లలో కప్పు ఖాళీ చేసి, బల్ల వెనకాల మనిషితో “చావ్!” అని వెళ్లిపోయాడు.

మీ నోటుబుక్కులో ఈ మాట చుట్టూ ఎర్ర సిరా ఉంది. చావ్ అనకూడదు. తెలుగు చెవికి ఎలాగూ అపశకునమే, కానీ కారణం అది కాదు. అది చనువున్నవాళ్ల మాట. వెనీసు యాసలో “నీ దాసుణ్ని” అనే మాట అరిగి అరిగి చావ్ అయింది. మన దాసోహం లాంటిదే. పుట్టుకలో అంత వినయం ఉన్న మాట, వాడుకలో ఏరా పోరా స్థాయికి దిగింది. మీరు కప్పు సాసరులో పెట్టి “బువోన జోర్నాతా” అన్నారు, ఈ రోజు మీకు బాగుండాలి అని. బల్ల వెనకాల మనిషి వెనక్కి తిరిగి చూసి, “అంకె ఆ లేయ్, సిఞోరా” అన్నాడు. మీకు కూడానండీ. ఇది నోటుబుక్కులో లేదు. అయినా అర్థమైంది.

తెస్తాచ్చో బజారు వైపు వెళ్లే బస్సులో నిలబడ్డారు. కాదు, నిలబెట్టబడ్డారు. చుట్టూ ఉన్న కోట్లు మిమ్మల్ని పడకుండా పట్టుకున్నాయి. “పెర్‌మెస్సో, పెర్‌మెస్సో” అంటూ ఒక ముసలాయన గుంపులోంచి దారి చేసుకుంటున్నాడు. జరగండి అని కాదు, అనుమతి ఇస్తారా అని. మోచేత్తో పొడుస్తూనే అనుమతి అడగడం ఒక కళ. అంతలో వీపు వెనక నుంచి ఒక గొంతు: “షెందే?”

మీరు కదల్లేదు. “షెందే, సిఞోరా? అల్లా ప్రొస్సిమా?”

ప్రొస్సిమా అంటే తర్వాతిది. చప్పున వెలిగింది. రాజమండ్రిలో అయినా, సికింద్రాబాద్‌లో అయినా, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లని వెనకవాళ్లు అడిగే ప్రశ్న ప్రపంచంలో ఒక్కటే. దిగుతారా? దిగేవాళ్లయితే దారికి అడ్డం కాదు, దిగనివాళ్లయితే తప్పుకోవాలి. “సీ, సీ,” అన్నారు మీరు. అవునవును. దిగారు. దిగాక తెలిసింది, అది మీరు దిగాల్సిన స్టాపు కాదని.

ఇప్పుడు దారి అడగాలి. దీనికి మీ దగ్గర బంగారం లాంటి మాట ఉంది: దోవే. దొవ్ ఎ, ఎక్కడ ఉంది, రెండూ కలిపి దోవే. దోవ అడగడానికి దోవే. మేనకోడలు ఈ మాట చెప్పినప్పుడు మీరు ఫోను పక్కన పెట్టి నవ్వారు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన కనిపించాడు. “స్కూజి, దోవే ఇల్ మెర్కాతో ది తెస్తాచ్చో?” తెస్తాచ్చో బజారు ఎక్కడండీ?

ప్రశ్న అద్దంలా వచ్చింది. చిక్కంతా అక్కడే. అంత చక్కగా అడిగితే అవతలివాడు మీకు భాష వచ్చనుకుంటాడు. పెద్దాయన కుక్క తాడు ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో గాల్లో ఒక ఊరు కట్టేశాడు. “వాదా సెంప్రే ద్రిత్తో...” అక్కడి నుంచి మాటల వరద. కొత్త భాష నేర్పే పుస్తకాలన్నీ మీకు ప్రశ్నలు నేర్పుతాయి, జవాబులు నేర్పవు. మీరు మాటలు వదిలేసి చెయ్యి చూస్తున్నారు. చెయ్యి నిటారుగా వెళ్లింది, ద్రిత్తో. రెండు వేళ్లు లేచాయి. చెయ్యి ఎడమకి విరిగింది, ఆ సినిస్త్రా. కుడి అయితే ఆ దెస్త్రా అని ఉండేవాడు. వరదలోంచి మూడు మాటలు ఏరుకున్నారు. తిన్నగా, రెండోది, ఎడమ. చాలు.

ఆ స్కూజిలో కూడా ఒక మెలిక ఉంది. నువ్వు అనదగ్గవాళ్లతో స్కూజా, మీరు అనదగ్గవాళ్లతో స్కూజి. ఆ మీరుకి వీళ్లు వాడే మాట లేయ్. లేయ్ అంటే అసలు అర్థం ఆవిడ. ఎదురుగా గెడ్డం పెంచిన పెద్దాయన ఉన్నా వ్యాకరణంలో ఆయన ఆవిడే. 1938లో ముస్సోలీనీ ప్రభుత్వానికి ఇది ఆడంగితనంగా, పరాయి దాస్యంగా తోచి, లేయ్ మానేసి, బహువచనమైన వోయ్ అనమంది. లేయ్ అనే పేరుతో ఒక ఆడవాళ్ల పత్రిక ఉంటే అది కూడా పేరు మార్చుకుని అన్నాబెల్లా అయింది. పత్రిక పేరులోని లేయ్‌కి అర్థం ఊరికే “ఆమె”, మర్యాదతో దానికి సంబంధమే లేదు. ఆ ప్రభుత్వం పోయింది, లేయ్ నిలిచింది. భాషని దండించబోయిన ఏలికలకి సాధారణంగా ఇదే శాస్తి.

తెస్తాచ్చో బజారు కొత్త కట్టడం, 2012లో ఇక్కడికి మారింది. ఎదురుగా పాత కబేళా, ఆ పక్కన ఒక గుట్ట. అది మట్టి గుట్ట కాదు. రోమన్ల కాలంలో నూనె పోసుకొచ్చిన జాడీలు వాడాక పగలగొట్టి పోగేస్తే కొండంత అయింది. కుండపెంకుల కొండ. దాన్ని చూడాలని వచ్చారు గానీ ముందు కమలాపళ్ల రంగు మిమ్మల్ని లోపలికి లాగేసింది. సిసిలీ నుంచి వచ్చినవి, ఆకులతో సహా. రైతుబజారులో లాగే మీ చెయ్యి దానంతటదే వెళ్లి ఒక పండుని నొక్కింది.

“ఫాచ్చో ఇయో, సిఞోరా!”

చెయ్యి వెనక్కి వచ్చేసింది. నేను తీస్తానమ్మా, మీరు ముట్టుకోకండి అని. తిట్టు కాదు, రివాజు. ఇక్కడ పళ్లు కొనేవాళ్లు వేలితో చూపిస్తారు, అమ్మేవాళ్లు తీస్తారు. మీ మొహం ఎర్రబడింది. అది చూసి ఆవిడే మెత్తబడి, నడుం మీద చెయ్యి వేసుకుని అంది: “దీకా.”

దీకా అంటే చెప్పండి. మన కిరాణా కొట్టువాడు కాగితం మీద నుంచి తలెత్తకుండా అంటాడే, “చెప్పండమ్మా”, అచ్చం అదే. మీకు ప్రాణం లేచొచ్చింది. “వొర్రేయ్ ఉన్ కీలో ది అరాంచే.” అరాంచా మన నారింజే. ఈ దక్షిణాది మాటే సంస్కృతంలోకి, అక్కడి నుంచి పారసీకంలోకి, అరబ్బీలోకి వెళ్లి, మధ్యధరా దాటేసరికి అరాంచా అయిందంటారు. ఇంత దూరం వచ్చి మీరు పరాయి పండు కొనడం లేదు.

“ఆల్త్రో?” ఇంకా?

పక్క పళ్లెంలో ఆకుపచ్చటి ఆలివ్ కాయలు. వంద గ్రాములని ఎవరూ అనరు ఇక్కడ. ఎత్తో అంటారు. ఉన్ ఎత్తో అంటే వంద, దూవే ఎత్తి అంటే రెండొందలు. మేడారంలో నిలువెత్తు బంగారం తూచే జాతికి ఈ మాట గుర్తుండకపోతే ఎలా? “దూవే ఎత్తి.” ఆవిడ తూచి, చిటికెడు ఎక్కువే వేసి, మళ్లీ “ఆల్త్రో?” అంది. ఇక చాలు. చాలు అనడానికి ఇటాలియన్‌లో బస్తా. “బస్తా కొసీ, గ్రాత్సియే.” బస్తా అంటే ఆపుతారు, తేవడానికి లోపలికి వెళ్లరు. నోటుబుక్కులో ఈ మాట పక్కన మీరు గోనెసంచి బొమ్మ వేసి, అడ్డంగా కొట్టేసి పెట్టుకున్నారు.

రొట్టెల కొట్టు దగ్గర వరస లేదు. పది మంది పది దిక్కులకి తిరిగి నిలబడ్డారు, ఒకావిడ ఫోనులో, ఒకాయన పేపర్లో. వెళ్లి ముందు నిలబడితే పది మందీ ఒక్కసారి తిరుగుతారని మేనకోడలు హెచ్చరించింది. వరస కనిపించదు గానీ ఉంటుంది. దాన్ని బయటికి తీసే మంత్రం ఒకటుంది. గొంతు సవరించుకున్నారు. “కి ఎ లుల్తిమో?”

ఆఖరివారెవరు? పేపరాయన కళ్లు ఎత్తకుండా చూపుడు వేలు ఎత్తాడు. అంతే. ఆయన తర్వాత మీరు. ఇంకెవరూ మిమ్మల్ని దాటరు. రెండు నిమిషాలకి సంచీ ఊపుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. “కి ఎ లుల్తిమో?” క్షణం ఆలస్యంగా తట్టింది, ఆఖరివారు మీరే. “ఇయో!” అన్నారు. కాస్త గట్టిగానే అన్నట్టున్నారు, పేపరాయన ఈసారి కళ్లెత్తాడు. నేను. ఈ ఊళ్లో ఒక చిన్న వరసలో, తెలియని పది మంది మధ్య, మీకొక స్థానం ఉంది. కాసేపే అనుకోండి.

గురువారం కాబట్టి మధ్యాహ్నం ఞొక్కి. రోమ్‌లో గురువారం ఞొక్కి వండటం ఆనవాయితీ. త్రత్తోరియా అనే చిన్న భోజనశాలలో గోడ పక్క బల్ల. మీరు వెయిటరుకి సిద్ధంగా ఉన్నారు. “సోనో వెజెతరియానా.” చివర ఆ, ఓ కాదు. ఓ అంటే మగవాళ్లు. ఆయన తల ఊపాడు, నిస్సంకోచంగా ఒక పస్తా పేరు చెప్పాడు. “చె కార్నె?” అందులో మాంసం ఉందా? “నో నో,” అన్నాడు. “సోలో ఉన్ పో ది గ్వంచాలే.” లేదు లేదు, కాస్త పంది చెంప మాంసం, అంతే.

కోప్పడి లాభం లేదు. ఆయన లెక్కలో మాంసం అంటే ముక్క. పోపులో ఇంగువ వేసినట్టు వేసింది మాంసం కిందికి రాదు. ఆకుకూర సలాడ్ చెబితే దాంట్లో ఒక్కోసారి ఉప్పు చేపలు నూరి కలుపుతారు. అందుకే ఇక్కడ నేను శాకాహారిని అని పరిచయం చేసుకుంటే సరిపోదు, ఏమేం వద్దో పేరుపేరునా చెప్పాలి. మీరు వేళ్లు మడుస్తూ, “నె కార్నె, నె పెషె,” అన్నారు. మాంసమూ వద్దు, చేపా వద్దు. ఆయన మొహంలో చిన్న నవ్వు. ఆ మాట వాళ్ల నుడికారంలో అటూ ఇటూ కాని వ్యవహారానికి వాడతారని మీకు సాయంత్రం దాకా తెలియదు. ఏమైతేనేం, టమాటా రసంలో తెల్లటి ఞొక్కి వచ్చింది. నోట్లో వేసుకుంటే దిబ్బరొట్టె మధ్యభాగం అంత మెత్తగా ఉంది. కారం లేదు. పెపెరోని అడగబోయి ఆగారు. పెపెరోని అంటే బుట్టమిరపకాయలు, కారానికి పెపెరొంచీనో అనాలి. అన్నారు. గాజు సీసాలో మిరప నూనె వచ్చింది. అప్పుడు భోజనం భోజనమైంది.

“స్కూజి, దోవే ఇల్ బాఞో?”

“ఇన్ ఫోందో ఆ దెస్త్రా.” చివరాఖర్న కుడి పక్కన. ఈ దేశంలో ఎక్కడ అడిగినా బాఞో చివరాఖర్న కుడి పక్కనే ఉంటుందని వాళ్లే వేళాకోళం చేసుకుంటారు. కొళాయిలు రెండు. ఒకదాని మీద సి, ఒకదాని మీద ఎఫ్. చల్లనీళ్లంటే భయపడి సి జోలికి పోకుండా రెండోది తిప్పారు. ఐసుగడ్డ కరిగి చేతుల మీద పడింది. సి అంటే ఇక్కడ కాల్దో, వేడి. ఎఫ్ అంటే ఫ్రెద్దో. ఇంగ్లీషు తెలియడం వల్ల కలిగే నష్టాలు కొన్ని ఉన్నాయి.

తిని అరగంట అయింది, ఎవరూ బిల్లు తేలేదు. వీళ్లు అడగకుండా తేరు. తెస్తే లేచి పొమ్మన్నట్టు. “ఇల్ కోంతో, పెర్ ఫవోరే,” అనేదాకా కుర్చీ మీదే.

మళ్లీ తెర్మిని. పేరు చూసి ఆఖరి స్టేషన్ కాబోలు అనుకుంటారు. కాదు, పక్కనే చక్రవర్తి దియోక్లెషియన్ కట్టించిన స్నానశాలలున్నాయి, లాటిన్‌లో తెర్మే, ఆ పేరు. తలెత్తి బోర్డు చూస్తున్నారు. బొలోఞా రైలు ఎదురుగా పసుపుపచ్చగా మెరుస్తున్న మాట: రితార్దో. 25. ఆలస్యం, ఇరవై అయిదు నిమిషాలు. ఇంతేనా అనిపించింది మీకు, గోదావరి జిల్లాల మనిషికి ఇది ఆలస్యం కిందే లెక్క కాదు. బోర్డులో ఇంతకన్నా చెడ్డ మాటలున్నాయి. సొప్ప్రెస్సో అంటే రైలు రద్దు. షోపెరో అంటే సమ్మె. సమ్మె నాడు కూడా పని రోజుల్లో పొద్దున్న 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 కొన్ని రైళ్లు నడపాలని కట్టుబాటు ఉంది, అది గుర్తుపెట్టుకుంటే గట్టెక్కవచ్చు. పక్కనున్న ముసలాయన భుజాలెగరేసి, మీ వైపు తిరిగి అన్నాడు: “పత్సియెంత్సా.” నిఘంటువులో ఓర్పు. ఆ భుజాలతో కలిపి చూస్తే, ఏం చేస్తాం లెండి.

బినారియో అంటే ప్లాట్‌ఫారం. మైకులో అంకె వస్తుంది, చెవి రిక్కించాలి. అంకెలకి మీరు పంచాంగం పట్టుకున్నారు. సప్తమి సెత్తే, అష్టమి ఒత్తో, నవమి నోవే, దశమి దియేచి. ఇది మీ తెలివి అనుకుంటున్నారేమో, మీకు ముందే ఒకాయన కనిపెట్టాడు. 1583లో కొచ్చిన్‌లో దిగిన ఫ్లోరెన్స్ వర్తకుడు ఫిలిప్పో సస్సెత్తి, 1585లో స్వదేశానికి రాసిన ఉత్తరంలో సంస్కృతపు అంకెలూ, దేవుడి పేరూ, పాము పేరూ మా మాటల్లాగే ఉన్నాయేమిటని విస్తుపోయాడు. సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకీ చుట్టరికం ఉందని విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించింది 1786లో. మిరియాల బేరానికి వచ్చినవాడు రెండొందల ఏళ్ల ముందే పోల్చుకున్నాడు. వీరుడెవరో చరిత్ర పుస్తకాలు చెబుతాయి, మిరియాలాయన పేరు చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మైకు పలికింది. బినారియో ఒత్తో. అష్టమి. మీ కాళ్లు నడిచాయి.

రైలు పేరు ఎర్ర బాణం, ఫ్రెచ్చారోస్సా. పత్సియెంత్సా ముసలాయన మీ ఎదురు సీటే. నేపుల్స్ మనిషట. ఫోనులో తమ్ముడితో మాట్లాడుతున్నాడు, ఒక్క ముక్క అందడం లేదు. మూడు నెలల చదువు గంగలో కలిసిందా అని మీరు బెంబేలెత్తిపోతుంటే, ఫోను పెట్టేసి ఆయనే నవ్వుతూ చెప్పాడు, “నపొలెతానో.” అది ఇటాలియన్ కాదు, వాళ్ల ఊరి భాష. మీకు ఊపిరి తిరిగొచ్చింది.

ఇటాలియన్ అనేది ఇటలీవాళ్లకి కూడా నేర్చుకుంటే వచ్చిన భాషే. 1861లో దేశం ఒకటయ్యేనాటికి ఇటాలియన్ వచ్చినవాళ్లు రెండున్నర శాతమేనని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్క కట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని పది దగ్గరికి తెచ్చారు. మిగతావాళ్లంతా ఎవరి ఊరి మాట వాళ్లది. దాదాపు వందేళ్లు గడిచాక 1960లో టీవీలో ఒక పాఠం మొదలైంది. ఆల్బెర్తో మాంత్సి అనే పంతులు పెద్ద కాగితం మీద బొగ్గుతో బొమ్మలు గీస్తూ, చదువురాని పెద్దవాళ్లకి చదవడం రాయడం నేర్పేవాడు. 1968 దాకా నడిచింది. ముసలివాళ్లు చలికోట్లు వేసుకుని ఊరుమ్మడి టీవీ ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ కార్యక్రమం పేరు “నోన్ ఎ మాయ్ త్రొప్పో తార్ది”. ఎప్పటికీ మరీ ఆలస్యం కాదు. మీ నోటుబుక్కు అట్ట మీద మేనకోడలు పోయిన నవంబరులో రాయించింది ఈ వాక్యమే.

“దా దోవె వియేనె?” ఎక్కడి నుంచి? ముసలాయన వేగం తగ్గించి అడిగాడు. “దల్లిందియా.” మళ్లీ వేగం అందుకున్నాడు. “పియానో, పియానో,” అన్నారు మీరు, మెల్లగా అని చెయ్యి ఊపుతూ. సొరంగాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన మెల్లగానే అన్నాడు, మీకు సగం కూడా అర్థం కాలేదు. ఒక నారింజ ఒలిచి సగం ఆయనకిచ్చారు.

బొలోఞాలో రైలు భూమి కింద ఆగుతుంది. మెట్లెక్కి, మెట్లెక్కి, బయటి చౌకులోకి వచ్చేసరికి మేనకోడలు మెళ్లో వాలిపోయింది. “టైమెంతయింది చెప్పు చూద్దాం, ఇటాలియన్‌లో!” పరీక్ష రాసొచ్చిన పిల్ల మీకు పరీక్ష పెడుతోంది. గోడ మీద పెద్ద గడియారం కనిపించింది. “దియేచి ఎ వెంతిచింకువే,” అన్నారు. పది ఇరవై అయిదు. అంటూనే ఆగారు. ఇప్పుడు రాత్రి ఏడు కూడా కాలేదు.

“అది నడవదత్తా,” అంది మేనకోడలు, గొంతు తగ్గించి. 1980 ఆగస్టు 2 పొద్దున్న ఈ స్టేషన్ వెయిటింగ్ హాల్లో బాంబు పేలింది. 85 మంది పోయారు. గడియారాన్ని ఆ నిమిషం దగ్గరే ఉంచేశారు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడకుండా నడిచారు. సన్నగా వాన మొదలైంది, అయినా తడవలేదు. ఈ ఊళ్లో వీధి పొడవునా కమానుల అరుగులే. అన్నీ కలిపి 62 కిలోమీటర్లట. గొడుగు అమ్ముకునేవాడి పొట్ట కొట్టిన ఊరు.

మూడో అంతస్తు. మేనకోడలికి గది అద్దెకిచ్చిన పెద్దావిడ తలుపు తీసే ఉంచింది. లోపల్నుంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన. గుమ్మం దగ్గర ఏమనాలో నోటుబుక్కులో వెతకలేదు. “పెర్‌మెస్సో?” పొద్దున్న బస్సులో మోచేతుల మధ్య విన్న మాటే, ఇంటి గడప మీద అదే మాట, ఇప్పుడు దానికి అర్థం రావచ్చా అండీ.

“అవాంతి, అవాంతి!” రండి, లోపలికి.

వేడి వేడి పస్తా, చిక్కుడు గింజలతో, చారుకీ పప్పుకీ మధ్యస్తంగా. పంది మాంసం ముక్క వెయ్యలేదని పెద్దావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేసింది. మీరు ఆవిడని లేయ్ అంటున్నారు. రెండు ముద్దలయ్యాక ఆవిడే గరిటె పైకెత్తి, “దియామొచి దెల్ తూ,” అంది. మనలో మనకి మీరు ఏమిటి, నువ్వు అనుకుందాం. ఇటలీలో ఈ మాట వయసులో పెద్దవాళ్ల నోట రావాలి. వచ్చింది.

“అత్తా, ఇంకొంచెం వేయించుకో, లేకపోతే ఒప్పుకోదు,” అంది మేనకోడలు తెలుగులో.

పెద్దావిడ గరిటె గాల్లో ఆగింది. “అత్తా?” ఒత్తు ఎక్కడా తగ్గకుండా, రాజమండ్రిలో పుట్టినట్టు పలికింది. మిమ్మల్ని ఎగాదిగా చూసింది. “అత్తా ఆ కె కోసా?”

మేనకోడలికి నవ్వు ఆగడం లేదు. “అత్తా అంటే వీళ్ల భాషలో పనికొచ్చేది, తగినది అని. దేనికి పనికొస్తుందీ మీ అత్త అని అడుగుతోంది. ఉండు, నేను చెబుతా...”

మీరు చెయ్యి అడ్డం పెట్టారు. నోటుబుక్కు సంచీలో ఉంది, సంచీ గుమ్మం దగ్గర ఉంది. ఉన్న మాటలన్నీ లోపల ఒకసారి తిరిగాయి. ఎవరూ నేర్పనిది, ఎక్కడా రాసుకోనిది ఒకటి పైకి వచ్చింది.

“అత్తా... ఆ మంజారే.”

తినడానికి. పెద్దావిడ బల్ల మీద చరిచి నవ్వింది. ఆ నవ్వులో మీరు బస్తా అనడానికి నోరు తెరిచేలోపే గరిటె వంగింది.